21 రోజుల ఇంజక్షన్ వెనక కథ

"జ్వరం ఎప్పుడో తగ్గిందిగా సార్, ఇంకా ఈ సూదులెందుకు?" గుంటూరు పెద్దాసుపత్రికి రుమాటిక్ గుండెజబ్బుతో (రుమాటిక్ జ్వరం వల్ల గుండె వాల్వులు, అంటే కవాటాలు, పాడయ్యే జబ్బు) పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నే ఇది. ఆ సూది పేరు పెనిడ్యూర్, ఒళ్ళో చాలా రోజులు పనిచేసే పెనిసిలిన్. దాని బాధ మామూలుది కాదు. సీసాలో తెల్లపొడికి నీళ్ళు కలిపి ఊపితే పాలలా చిక్కబడుతుంది, దాన్ని లావు సూదితో కండలోకి ఎక్కించాలి. 27 కిలోలు దాటిన పిల్లలకు 12 లక్షల యూనిట్లు, మూడు వారాలకోసారి. వాల్వ్ బాగా దెబ్బతింటే 40 ఏళ్ళు వచ్చేదాకా, కొందరికి జీవితాంతం.

జబ్బు మొదలయ్యేది గొంతులో, గ్రూప్ ఎ స్ట్రెప్టోకోకస్ బాక్టీరియాతో. రుమాటిక్ జ్వరాన్ని గుర్తుపట్టే లక్షణాలను అమెరికా డాక్టర్ డకెట్ జోన్స్ 1944లో క్రోడీకరించారు. గుంటూరు మెడికల్ కాలేజీ పెట్టింది 1946లో. అంటే ఇక్కడి తొలి బ్యాచ్‌లు చదువుకునేనాటికి జబ్బును పోల్చుకోవడం తెలుసు, గొంతునొప్పికి గుండె ఎందుకు పాడవుతుందో తెలియదు.

1960లలో అమెరికా పరిశోధకుడు మెల్విన్ కప్లాన్ ఒక ఆధారం పట్టుకున్నారు. బాక్టీరియా మీదికి మన ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలే గుండెకూ అతుక్కుంటున్నాయి. ఆ దారిలో చాలా దూరం వెళ్ళినవారు ఓక్లహామా యూనివర్సిటీలో పనిచేసిన మేడలీన్ కన్నింగ్‌హామ్. బాక్టీరియా పైనుండే ఎం ప్రొటీన్‌కూ గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రొటీన్‌కూ పోలికలున్నాయని ఆమె బృందం చూపింది. కానీ మయోసిన్ ఉండేది కండరంలో, ఎక్కువగా పాడయ్యేది వాల్వ్. ఈ చిక్కుముడి దగ్గర ఆమె ఆగిపోలేదు. ఆ యాంటీబాడీలు వాల్వ్ పైపొరనూ పట్టుకుంటాయనీ, అది వాచాక టి కణాలు (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం తెల్ల రక్తకణాలు) లోపలికి చొరబడతాయనీ తేల్చారు. బ్రెజిల్‌లో లూయిజా గిల్హెర్మే, జార్జ్ కలీల్ ఆపరేషన్‌లో తీసిన వాల్వుల నుంచే అలాంటి టి కణాలను వేరుచేశారు. ఒక ప్రశ్న కోసం దశాబ్దాలు ధారపోసిన ఇలాంటి పరిశోధకులంటే నాకెంతో గౌరవం.

సూది ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. గొంతులో ఇన్ఫెక్షన్ మళ్ళీ వస్తే గుండె మీద ఆ దాడీ మళ్ళీ మొదలవుతుంది, ఆ ఇన్ఫెక్షన్‌ను రానివ్వకుండా ఆపేదే ఈ సూది. ఈ నాలుగు ముక్కలు ఓపీలోనే తెలుగులో చెప్పాలి, చెప్పడం నేర్పాలి. మన మెడికల్ కాలేజీల్లో ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) పరీక్షలో జవాబుగానే మిగిలిపోకూడదు.

టీకా ఉంటే ఇంత తిప్పలు ఉండేవి కావు. 1960లలో ఎం ప్రొటీన్ టీకా వేసిన పిల్లల్లో కొందరికి రుమాటిక్ జ్వరమే వచ్చింది. 1979లో అమెరికా ఇలాంటి టీకాలపై విధించిన నిషేధం 2006 దాకా కొనసాగింది. ఎం ప్రొటీన్‌లో 200కు పైగా రకాలున్నాయి. గుండెను ముట్టుకోని ముక్కను వెతకడం ఇంకా సాగుతూనే ఉంది.