సీసాలో గోదావరి

జూలైలో గోదావరికి ఎర్రనీరు వచ్చాక ధవళేశ్వరం దగ్గర ఒక సీసాడు నీళ్లు ముంచి, కదపకుండా పక్కన పెట్టండి. కాసేపటికి అడుగున మెత్తటి మన్ను పేరుకుంటుంది. భూమిని ఒకే వ్యవస్థగా చూసే శాస్త్రంలో ఎమ్మెస్సీ చేసేవాళ్లకు ల్యాబులో ఇదే పని పద్ధతిగా నేర్పుతారు. వడపోత కాగితాన్ని ముందే తూచి, కొలిచిన నీళ్లను దానిమీద వడకట్టి, ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మళ్లీ తూస్తారు. పెరిగిన బరువే ఒండ్రు. దాన్ని నది ప్రవాహంతో హెచ్చిస్తే కాగితం మీది మరక కాస్తా లక్షల టన్నులవుతుంది.

పోలవరం దగ్గర ఈ లెక్క 1970లలో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు. 1990లకు 6 కోట్ల లోపుకు పడిపోయింది. మిగతాది ఏమైనట్టు? పైన జాయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లో నీరు ఆగుతుంది. ఆగిన నీటిలో మన్ను దిగుతుంది, మన సీసాలో లాగే.

డెల్టా నేల తన బరువుకు తానే అణుగుతూ ఉంటుంది. ఏటా వరద తెచ్చే కొత్త మన్ను ఆ లోటు పూడ్చాలి. అది తగ్గింది, పైగా సముద్ర మట్టం పెరుగుతోంది. 1976, 2001 ఉపగ్రహ చిత్రాలను పోలిస్తే గోదావరి డెల్టా అంచున నికరంగా 18 చదరపు కిలోమీటర్ల నేల పోయింది. అంతర్వేది వైపు ‘సముద్రం ముందుకొచ్చేసింది’ అంటారు. నిజమే, కానీ ఆ మాటలో డ్యామ్ కనిపించదు. ఒడ్డున రాళ్లకట్ట వేస్తే కోత అక్కడ ఆగి పక్క ఊరికి మళ్లడం మామూలే.

భూమిని ఒకే వ్యవస్థగా చూపుతూ 1986లో నాసా కోసం ఫ్రాన్సిస్ బ్రెదర్టన్ కమిటీ గీసిన బొమ్మలో గాలి, సముద్రం, నేల, జీవం తలో గడి. మనుషులకు ఒక పక్కన చిన్న గడి! మొదటిసారి చూస్తే తల తిరుగుతుంది. నన్నడిగితే గడులకన్నా వాటి మధ్య బాణాలే, అంటే ఒకదాని ప్రభావం ఇంకోదానికి ఎలా చేరుతుందో చూపే గీతలే అసలు పాఠం. జియాలజీ నుంచి వచ్చినవాళ్లకు మన్ను తెలుసు, సివిల్ వాళ్లకు డ్యామ్ తెలుసు. బాణం ఎవరికీ తెలియదు.

112 టీఎంసీలకు కట్టిన శ్రీరాంసాగర్ సామర్థ్యం ఇప్పుడు దాదాపు 80. అక్కడ పూడిక అనేదీ, కోనసీమలో ఒండ్రు అనేదీ ఒకటే మన్ను. ఆ 32 టీఎంసీల చోటు ఖాళీ చేయాలంటే 90 కోట్ల ఘనపు మీటర్లు తవ్వాలి, పది ఘనపు మీటర్ల లారీ 9 కోట్లసార్లు తిరగాలి. తొలి వరద బురదనీటిని గేట్లెత్తి వదిలేయడం అంతకన్నా చవక. కానీ జూలైలో వచ్చిన నీటిని వదులుకోమంటే ఆయకట్టు రైతు అడిగేది ఒక్కటే: తర్వాత వానలు పడతాయని పూచీ ఎవరిస్తారు?