పదకొండేళ్ల పిల్లకి అప్పుడే ఎందుకు?

చీపురుపల్లి నుంచి మా అప్ప, అంటే అక్క, తన కూతురి గురించి ఫోన్ చేసింది. "డాక్టరుగారు గుంటకి హెచ్‌పీవీ టీకా వేయించమన్నారే. దానికింకా పదకొండేళ్లే. అప్పుడే ఈ సూది ఏటి? నలుగురూ ఏటనుకుంటారు?"

హెచ్‌పీవీ అంటే ఆడవాళ్లలో గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే వైరస్. ఆమె టెన్షన్ సూది గురించి కాదు. ఈ వైరస్ శారీరక సంబంధంతో అంటుకుంటుందన్న మాట దగ్గరే ఆగిపోయింది.

ఒంట్లోకి వచ్చిన వైరస్‌ని ఈ టీకా తరిమెయ్యలేదు. రాకుండా ఆపగలదు, అంతే. నాగావళి పొంగాక గట్టు వెయ్యలేం కదా. పైగా చిన్న వయసులో టీకాకి ఒంట్లో వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు బాగా పుడతాయి. అందుకే 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఆరు నెలల తేడాతో రెండు డోసులు చాలు, 15 దాటితే మూడు కావాలి. ఈ వయసు పిల్లలకి ఒక్క డోసైనా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది.

"మందులోంచే రోగం వస్తే?" అంది అప్ప. పలాసలో జీడిగింజ పగలగొట్టి పప్పు తీసేశాక మిగిలిన తొక్కని పాతిపెడితే మొక్క వస్తుందా? ఈ టీకాలో ఉండేదీ అలాంటి తొక్కే. వైరస్ పైతొడుగులోని ప్రోటీన్ ఒక్కటే ఉంటుంది, లోపల జన్యువులుండవు. ఒళ్లు ఆ తొడుగుని గుర్తుపెట్టుకుంటుంది.

అసలు వైరస్ చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. కొందరిలో మాత్రం గర్భసంచి ముఖద్వారం దగ్గర తిష్ఠ వేసి, కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53 అనే ప్రోటీన్‌ని నాశనం చేస్తుంది. క్యాన్సర్‌గా మారడానికి పదిహేను, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. 2022లో మన దేశంలో ఈ క్యాన్సర్‌తో దాదాపు 80 వేల మంది ఆడవాళ్లు చనిపోయారని అంచనా. ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్లకే టీకా అందుకున్న తరంలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది.

"ఖమ్మంలో పిల్లలు చనిపోయారు కదే?" అని అడిగింది. ఆ మాట దాటెయ్యకూడదు. 2009లో అక్కడ వేల మంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. తర్వాత కొందరు చనిపోవడంతో 2010లో ఆపేశారు. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం లాంటివి ఆ మరణాలకి కారణాలని, టీకా కాదని విచారణలో తేలింది. కానీ హాస్టళ్లలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. అది ఘోరమైన తప్పు. కన్నవాళ్లని అడగకుండా పిల్ల చేతికి సూది గుచ్చే హక్కు ఎవరికీ లేదు. ఆ కోపం న్యాయమైనదే. అందుకే అప్పతో అన్నాను: "డాక్టర్ని నీకు తోచినన్ని ప్రశ్నలడుగు. గుంటకీ విషయం చెప్పు. చెయ్యి నొప్పెడుతుంది, కొంచెం జ్వరం రావొచ్చు. సూది వెయ్యగానే ఆ వయసు పిల్లలు కొందరు కళ్లు తిరిగి పడిపోతుంటారు, వేశాక పావుగంట కూర్చోబెట్టు."

ఇంకో మాట కూడా చెప్పాను. ఈ టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు. కాబట్టి పిల్ల పెద్దయ్యాక స్క్రీనింగ్, అంటే ఈ క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరీక్ష, చేయించుకోవాల్సిందే. "నీకు ముప్పై ఎనిమిది. నువ్వెప్పుడైనా చేయించుకున్నావా అప్పా?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సోమవారం ఇద్దరం వెళ్తాం," అంది.