వీపీఎన్ గొడవ వెనక ఒక లాగ్ పుస్తకం

వీపీఎన్ (మన నెట్ వాడకాన్ని ఇంకో కంపెనీ సర్వరు మీదుగా గుప్తంగా పంపే సేవ) పెట్టుకున్నాడంటే ఏదో దాస్తున్నట్టే అన్న వాదన మళ్ళీ లేచింది. శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలో టీ తాగుతూ కూడా అదే మాట. ఇంటర్నెట్ పుట్టుక నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఇప్పటి తగువంతా 2022 ఏప్రిల్ 28 దగ్గర ఉంది.

ఆ రోజు సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు ఖాతాదారు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, అతనికి ఇచ్చిన ఐపీ (నెట్‌లో ఎవరి కనెక్షనో గుర్తుపట్టే నంబరు), చివరికి ఎందుకు వాడుతున్నాడో కూడా రాసి, ఖాతా మానేశాక కనీసం 5 ఏళ్ళు దాచాలి. ఇష్టం లేని కంపెనీలు దేశం వదిలి వెళ్ళొచ్చని అప్పటి ఐటీ సహాయ మంత్రి రాజీవ్ చంద్రశేఖర్ అన్నారు. కొన్ని వెళ్ళాయి కూడా. జూన్‌లో ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్ ఇక్కడి సర్వర్లు తీసేసింది, నార్డ్, సర్ఫ్‌షార్క్ అదే దారి పట్టాయి.

సైబర్ నేరం జరిగితే వీపీఎన్ ఇచ్చిన ఐపీ దగ్గరే దర్యాప్తు ఆగిపోతోందన్నది ప్రభుత్వం మాట. అది కొట్టిపారేసేది కాదు.

అయితే లాగ్, అంటే ఎవరు వాడారో రాసే చిట్టా, రాయించే అలవాటు కొత్తది కాదు. 2011 సైబర్ కేఫ్ నిబంధనలు గుర్తింపు కార్డు చూడమన్నాయి, రిజిస్టరు ఏడాది ఉంచమన్నాయి, క్యాబిన్ అడ్డుగోడ నాలుగున్నర అడుగులు దాటకూడదన్నాయి. ఎంసెట్ ఆప్షన్లు పెట్టుకోడానికి నెట్ సెంటర్‌కి వెళ్ళిన పిల్లలకి కూడా అవే నిబంధనలు. 2022లో అదే రిజిస్టరు ఇంటి ఫోన్‌లోకి వచ్చింది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి తెలిసిందే. కవిటిలో ఒకాయన కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసుకుని రాత్రి డయాలసిస్ గురించి వెతుకుతాడనుకోండి. ఇంట్లో పెళ్ళి కావాల్సిన కూతురుంది. ఏ పేజీ చదివాడో కనబడకపోయినా, ఏ సైటుకి వెళ్ళాడో నెట్ కంపెనీకి తెలుస్తుంది. వీపీఎన్ పెట్టుకుంటే ఆ సంగతి తెలిసేది వీపీఎన్ కంపెనీకి. నమ్మకం చేతులు మారిందంతే. ఆ ఒక్కడి చేతిలో ఇప్పుడు లాగ్ పుస్తకం పెట్టారు.

టోర్ అనే నెట్‌వర్కు కూడా వాడేవాడెవరో దాచేదే, కానీ దాని పద్ధతి వేరు. 1990ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో మొదలైన ఆలోచన ఇది. సందేశం మూడు పొరల గుప్తలేఖనంతో (ఎన్‌క్రిప్షన్, అంటే ఇతరులు చదవలేని సంకేతాలుగా మార్చడం) మూడు కంప్యూటర్ల మీదుగా వెళుతుంది. మొదటిదానికి మీరెవరో తెలుసు, ఎటు వెళ్తున్నారో తెలీదు. చివరిదానికి ఎటో తెలుసు, ఎవరో తెలీదు. రాయమన్నా పూర్తి లాగ్ రాయగలిగిన వాడు మధ్యలో ఎవడూ లేడు. నౌకాదళం దీన్ని అందరికీ వదిలేసిందీ దయతో కాదు. నావికులే వాడితే అందులోంచి వచ్చిన ప్రతివాడూ నావికుడే అని తేలిపోతుంది. రథసప్తమి నాడు అరసవల్లి క్యూలో మనిషిని వెతకడం కష్టం కానీ, ఖాళీ వీధిలో ఎంతసేపు? మామూలు జనాన్ని భయపెట్టి పంపేస్తే మిగిలినవాళ్ళ మీద అనుమానం పెరుగుతుంది. ఇప్పుడు జరుగుతున్నదీ అదే.

టోర్ సర్వరోగ నివారిణేం కాదు. 2007లో స్వీడన్‌కి చెందిన డాన్ ఎగెర్‌స్టాడ్ చివరి కంప్యూటర్లు తానే నడిపి, గుప్తలేఖనం లేని మెయిళ్ళ పాస్‌వర్డులు పట్టుకున్నాడు. బయటపెట్టిన జాబితాలో భారత రాయబార కార్యాలయాలవీ ఉన్నాయి. 2013లో టోర్ మీద నడిచిన సిల్క్ రోడ్ అనే మత్తు మందుల బజారు మూతపడ్డాక, టోర్ అంటే దొంగల అడ్డా అన్న పేరూ వచ్చింది.

2022 ఆదేశాల్లో ఇంకో సంగతి ఉంది, దాని మీద చర్చే లేదు. కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే వీపీఎన్‌లకు ఈ నిబంధన వర్తించదని ఆ మే నెలలోనే సెర్ట్-ఇన్ వివరణ ఇచ్చింది. ఆమదాలవలస ఇంట్లో కూర్చుని ఐటీ ఉద్యోగం చేసే కుర్రాడి పేరు ఆ పుస్తకంలోకి ఎక్కదు. కవిటి ఆయన సొంత డబ్బులతో కొనుక్కుంటే ఎక్కుతుంది.