తోలోలింగ్ మీద ఫ్లేర్లు లేని హెలికాప్టర్

వైమానిక దళం ఎంఐ-17 వి5 హెలికాప్టర్లకు ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ సూట్లు (శత్రు క్షిపణుల నుంచి కాపాడే ఎలక్ట్రానిక్ పరికరాలు) అమర్చడానికి రక్షణ శాఖ 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వ రంగ సంస్థ భారత్ ఎలక్ట్రానిక్స్ (బెల్)తో రూ.2,385 కోట్ల ఒప్పందం చేసుకుంది. ఇంత ఖర్చు అవసరమా, క్షిపణిని దారి తప్పించడానికి వదిలే మండే గుళికలు, అంటే ఫ్లేర్లు, సరిపోవా అనే వాదన మళ్లీ నలుగుతోంది. వియత్నాం, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో క్షిపణులకు కూలిన హెలికాప్టర్ల కథలు చాలామంది విన్నవే, వాటిని వదిలేద్దాం. మనం చూడాల్సిన రోజు 1999 మే 28.

కార్గిల్‌లో వైమానిక దాడులు మొదలై అది మూడో రోజు. ముందు రోజే ఒక మిగ్-21 యుద్ధవిమానాన్ని శత్రువు క్షిపణితో కూల్చాడు. భుజం మీద నుంచి పేల్చే క్షిపణులు కొండలపై ఉన్నాయని తెలిసిపోయింది. అయినా శత్రువు పట్టుకున్న తోలోలింగ్ కొండపై రాకెట్లు వేయడానికి ఎంఐ-17లు వెళ్లాయి. వాటిలో ఒకదానికి ఫ్లేర్ డిస్పెన్సర్, అంటే ఫ్లేర్లు వదిలే పెట్టె, లేదు. భుజం మీద నుంచి పేల్చే స్టింగర్ క్షిపణి తగిలింది దానికే. లోపలున్న నలుగురూ చనిపోయారు.

వాళ్ల దగ్గర లేనిది ఎంత చిన్న వస్తువో చూడండి. ఈ రకం హెలికాప్టర్లకు వాడే ఫ్లేర్ డిస్పెన్సర్ ఏఎస్ఓ-2వి ఒక లోహపు పెట్టె. అందులో 26 మిల్లీమీటర్ల గుళికలు 32 పడతాయి. బటన్ నొక్కితే గుళిక బయటికి దూకి, ఇంజిన్ కంటే ఎక్కువ వేడితో కొన్ని సెకన్లు మండుతుంది. వేడిని వెతుక్కుంటూ వచ్చే క్షిపణి దాని వెంట పోతుంది.

కింద జవాన్లు ప్రాణాలు పోగొట్టుకుంటుంటే ఉన్న హెలికాప్టర్లతోనే వెళ్లాలి కదా అని ఆనాటి నిర్ణయాన్ని సమర్థించేవాళ్లు అంటారు. అదీ నిజమే.

కాక్‌పిట్‌లో కూర్చున్నవాళ్ల వైపు నుంచి చూస్తే లెక్క మారిపోతుంది. స్టింగర్ సుమారు మూడున్నర కిలోమీటర్ల ఎత్తు వరకు అందుకుంటుంది. మైదానంలో దాన్ని పేల్చేవాడు నేల మీద ఉంటాడు. తోలోలింగ్‌లో శత్రువు కూర్చున్నదే దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తులో. అక్కడి పలచటి గాలిలో ఎంఐ-17 అతనికి అందనంత పైకి పోలేదు, చప్పున పక్కకు తిరగనూ లేదు. తప్పించుకునే దారి లేని చోట మిగిలిన ఆధారం ఆ పెట్టె. అది లేకుండా పంపడం నా దృష్టిలో ఏ రకంగానూ సమర్థించుకోలేని పని. ఆ తర్వాత సాయుధ హెలికాప్టర్లను దాడుల నుంచి తప్పించారు. కార్గిల్‌లోని మరో శిఖరం టైగర్ హిల్ మీద లేజర్ గురితో పడే బాంబులు వేసే పని మిరాజ్-2000 యుద్ధవిమానాలు చేశాయి.

అయితే ఫ్లేర్లు ఉంటే చాలు అనుకోవడమూ పొరపాటే. క్షిపణి వస్తోందని తెలియాలి. పైలట్ కంటికి అది కనబడే సమయానికి చేతిలో కొన్ని సెకన్లే ఉంటాయి, చాలాసార్లు కనబడనే కనబడదు. అందుకే క్షిపణి మంటను పసిగట్టి ఫ్లేర్లను తనంతట తానే వదిలే హెచ్చరిక వ్యవస్థ కావాలి. పైగా వేడితో పాటు అతినీలలోహిత కిరణాలనూ చూసి, ఫ్లేర్ ఏదో హెలికాప్టర్ ఏదో పోల్చుకునే క్షిపణులు వచ్చేశాయి. వాటి కళ్లు కప్పడానికి ఇప్పుడు లేజర్ కిరణాలతో క్షిపణి గురిని చెదరగొట్టే లేజర్ జామర్లు వాడుతున్నారు.

సూట్లు ఒక్క రోజులో బిగించేవి కావు. ఈలోగా యుద్ధం వస్తే, అవి లేని హెలికాప్టర్‌ను దాడికి పంపబోమని ఎవరైనా సంతకం పెట్టి చెప్పాలి.