రెడ్ డాగ్ గని సంగతి: మనవలకు ఓ ఉత్తరం

ఒరేయ్ చిన్నోడా, అమ్మా బుజ్జీ,

మొన్న ఆదివారం ఫోన్‌లో మీరిద్దరూ అలా పోట్లాడుకుంటుంటే మధ్యలో నా మాట ఒక్కటీ వినపడలేదు, ఆ తర్వాత సిగ్నల్ పోయింది, అందుకే ఇలా రాస్తున్నాను. చిన్నోడేమో "గిరిజనుల భూమిలో గని అంటేనే మోసం, ఇంక మాట్లాడేదేముంది" అన్నాడు. బుజ్జేమో "కంపెనీ డబ్బులిస్తోంది, ఉద్యోగాలిస్తోంది, ఇంకేం కావాలి" అంది. ఏళ్ల తరబడి ఏజెన్సీ బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని కదా, నా చేతికి పేపరొస్తే ఇద్దరికీ సగం సగం మార్కులే వేస్తాను. ఆ మిగతా సగం ఏమిటో చెప్తాను, ఓపిగ్గా చదవండి.

పోయిన వేసవిలో మన పెరట్లో బోరింగు దగ్గర మీరు దరువేసిన ఆ పాత జీఐ బకెట్ గుర్తుందా? ఎండలో తిప్పి చూస్తే దాని ఒంటి నిండా పగిలిన అద్దం ముక్కల్లా మెరిసే మచ్చలుంటాయి. అది జింకు. ఇనప బకెట్‌ని కరిగిన జింకులో ముంచి తీస్తే, పైపూత చల్లారేటప్పుడు అలా పలుకులు కడుతుంది, లోపలి ఇనుముకి తుప్పు పట్టనివ్వదు. వరి ఆకుల మీద తుప్పు మచ్చలొస్తే మీ తాతయ్య చేలో జింక్ సల్ఫేట్ చల్లేవారు, అందులోదీ ఇదే జింకు. ఇలాంటి జింకుకి ప్రపంచంలో పేరున్న పెద్ద గనుల్లో ఒకటి అలాస్కాలో, ఆర్కిటిక్ వృత్తానికి ఇంకా పైన ఉంది. పేరు రెడ్ డాగ్. బాబ్ బేకర్ అని అక్కడ చిన్న విమానం నడిపే పైలట్ ఒకాయన ఉండేవాడు, ఎక్కడికెళ్లినా తన ఎర్ర కుక్కని వెంటేసుకుని తిరిగేవాడట. పైనుంచి చూస్తే ఒక చోట వాగు నీళ్లు తుప్పు రంగులో కనపడేవి. ఆ మాట ఇర్వింగ్ తైల్యూర్ అనే భూగర్భ శాస్త్రవేత్త చెవిన వేశాడు, ఆయన వెళ్లి రాళ్లు చూసి ఆ వాగుకి కుక్క పేరు పెట్టాడు. బుజ్జీ, ఇంత పెద్ద గనికి కుక్క పేరేంటా అని నవ్వుకో, ఫర్వాలేదు.

ఆ భూమి ఇనుపియాట్ అనే జాతి వాళ్లది. కారిబూలని (క్రిస్మస్ కార్డుల మీద బండి లాగే రెయిన్‌డీర్ జాతే) వేటాడి, ఏట్లో చేపలు, సముద్రంలో సీల్ పట్టుకుని వేల ఏళ్లు బతికినవాళ్లు, ఇప్పటికీ చాలా ఇళ్లలో వండుకునేది అదే. 1968లో అలాస్కా ఉత్తరాన ప్రూడో బే దగ్గర చమురు పడింది. చమురు తేవాలంటే పైపులైను వేయాలి, పైపులైను వేయాలంటే కింద భూమి ఎవరిదో తేలాలి. అలా అవసరం పడి 1971లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసింది, అంతేగాని ప్రేమ పొంగి కాదు. అలాస్కా మూలవాసులందరికీ కలిపి సుమారు 4.4 కోట్ల ఎకరాలు, 96.25 కోట్ల డాలర్లు ఇచ్చి, మిగతా అలాస్కా మీద వాళ్ల హక్కు అంతటితో చెల్లు అంది. పైగా ఆ భూమిని ఊళ్లకీ పెద్దలకీ కాకుండా కొత్తగా పెట్టించిన కార్పొరేషన్ల పేర రాసింది, జనాన్నేమో వాటిలో షేర్‌హోల్డర్లని చేసింది. వాయవ్య మూలన పదకొండు ఊళ్ల వాళ్లకి వచ్చిన కార్పొరేషన్ పేరు నానా. పేరు చూసి నవ్వకండి, వాళ్లూ నానా తంటాలు పడ్డారు. చట్టం వచ్చిన రోజు తర్వాత పుట్టిన పిల్లలకి, అంటే మీలాంటి వాళ్లకి, అసలు షేర్లే లేవు. తర్వాత నానా వాళ్లు ఓటింగ్ పెట్టుకుని వాళ్లనీ కలుపుకున్నారు. ఈ చట్టాన్ని తిట్టేవాళ్లు అక్కడ ఇప్పటికీ ఉన్నారు, నాకూ వాళ్ల మాటలో న్యాయం కనపడుతుంది. కానీ ఒక్క విషయం గమనించండి. నానా వాళ్ల చేతికొచ్చిన సుమారు 22 లక్షల ఎకరాల్లో పైన మట్టే కాదు, కింద ఖనిజం కూడా వాళ్లదే. తర్వాత పట్టుబట్టి రెడ్ డాగ్ లోయని కూడా తమ వాటాలోకి తెచ్చుకున్నారు.

చిన్నోడా, నువ్వు అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది. గని సంగతి బయటపడ్డాక వాళ్లు వెంటనే ఎగిరి గంతేశారా? లేదు, మొదట వద్దనే అన్నారు. కారిబూలు దారి మారిస్తే ఏం తింటాం, ఏట్లో చేప పోతే ఏం చేస్తాం అని పెద్దవాళ్లు అడ్డం తిరిగారు. ఏళ్లు గడిచాయి, ఊరూరా మాట్లాడుకున్నారు, చేసేదేదో మన షరతుల మీద చేద్దాం అనుకున్నాక కంపెనీలతో బేరానికి కూర్చున్నారు. మంచు దేశాల్లో గనులు నడిపిన అనుభవం ఉన్న కామింకో అనే కెనడా కంపెనీతో 1982లో ఒప్పందం అయింది (అది తర్వాత టెక్ అనే కంపెనీలో కలిసిపోయింది), 1989లో తవ్వకం మొదలైంది. వద్దు అని లేచిపోగల స్థోమత ఉంది కాబట్టి వాళ్ల బేరం నిలబడింది. సంతలో చింతపండు బుట్ట దించుకున్న మనిషి, సాయంత్రానికి దాన్ని అమ్మకపోతే ఇంట్లో పొయ్యి వెలగదంటే, ఆ మనిషి ఏం బేరమాడుతుంది చెప్పండి?

ఇక ఒప్పందంలో ఏముందో వినండి. భూమి అమ్మలేదు, కంపెనీకి లీజుకిచ్చారు. పెట్టుబడి తిరిగి వచ్చేదాకా కంపెనీ ఖనిజం అమ్మిన రాబడిలో 4.5 శాతం ఇస్తుంది. పెట్టుబడి రాబట్టుకున్నాక ఖర్చులు పోను మిగిలిన లాభంలో 25 శాతం. అక్కడినుంచి ప్రతి అయిదేళ్లకీ ఇంకో 5 శాతం పెరుగుతూ సగానికి, అంటే 50 శాతానికి చేరాలి. పెట్టుబడి తిరిగొచ్చేసరికి 2007 అయింది. అంటే తవ్వకం మొదలైన పద్దెనిమిదేళ్ల దాకా పెద్ద వాటా రాలేదు. ఇప్పటికి నానాకి వచ్చింది మొత్తం కలిపితే 100 కోట్ల డాలర్లు ఎప్పుడో దాటింది, కానీ అదంతా వాళ్ల దగ్గరే ఉండదు. 1971 చట్టంలో ఒక చిత్రమైన షరతుంది. ఏ కార్పొరేషన్ భూమిలో ఖనిజం పడినా ఆ రాబడిలో 70 శాతం మిగతా మూలవాసీ కార్పొరేషన్లతో పంచుకోవాలి. ఎవరి పెరట్లో నిధి దొరికితే వాళ్లకేనా, మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలా అన్న ఆలోచనతో పెట్టారు. నాకైతే ఈ చట్టం మొత్తంలో నచ్చింది ఈ ఒక్క ముక్కే.

డబ్బు అయింది, ఇక దుమ్ము దగ్గరికి రండి. గనిలో తవ్విన రాయిని పిండిలా నూరి, జింకు, సీసం ఉన్న పొడిని వేరు చేసి, లారీల్లో 52 మైళ్లు, అంటే 84 కిలోమీటర్లు, చుక్చీ సముద్రం ఒడ్డుకి తోలతారు. ఏడాదంతా తోలి గోడౌన్లలో కుప్ప పోస్తారు, మంచు కరిగిన ఆ నాలుగు నెలల లోపల ఓడలకెత్తాలి. మొదట్లో ఆ లారీల మీద మన ఇసక లారీల్లాగా టార్పాలిన్ కప్పేవాళ్లు. మన హైవే మీద ఇసక లారీ వెనక బండి మీద వెళ్తే కళ్లలో ఎలా పడుతుందో తెలుసుగా? అక్కడా అంతే, కాకపోతే ఎగిరింది సీసం. ఆ రోడ్డు నేషనల్ పార్కు వాళ్ల భూమిలోంచి పోతుంది, వాళ్లు 2001 ప్రాంతంలో రోడ్డు పక్క నాచు కోసి పరీక్ష చేయిస్తే సీసం బాగా ఎక్కువగా తేలింది. ఆ తర్వాతే గట్టి ఇనప మూతలున్న లారీలొచ్చాయి. ఒప్పందంలో కమిటీలున్నాయి, సంతకాలున్నాయి, అయినా ఎవరో వంగి నాచు పరీక్షించేదాకా టార్పాలినే.

కమిటీ ఊరికే ఉందని కూడా అనను. నోటాక్, కివలీనా అనే రెండు ఊళ్ల పెద్దలతో వేట సంగతులు చూసే కమిటీ ఒకటుంది. కారిబూల మంద రోడ్డు దాటుతుంటే లారీలు ఆగాలి. వసంతంలో సముద్రం మీద వేట అయిందని వాళ్లు చెప్పాకే మొదటి ఓడ రావాలి. కోట్ల సరుకు గోడౌన్లో పెట్టుకుని ఒక కంపెనీ, ఊరి ముసలాళ్లు సరే అనేదాకా ఆగడం, ఆ ఊహ నాకెంత సంతోషమో! అయినా కొన్ని కారిబూలు ఆ రోడ్డు చూసి బెదిరి, దాటడానికి రోజుల తరబడి తచ్చాడతాయని మెడకి పట్టీలు కట్టి గమనించినవాళ్లు రాశారు.

బుజ్జీ, నీ "ఇంకేం కావాలి"కి జవాబు కివలీనా దగ్గరుంది. గని నీళ్లు శుద్ధి చేసి వాగులోకి వదులుతారు, ఆ వాగు వెళ్లి వూలిక్ నదిలో కలుస్తుంది, కివలీనా వాళ్లు తాగేది ఆ నది నీళ్లే. అనుమతికి మించి వదిలారని ఆ ఊళ్లో కొందరు కంపెనీ మీద కోర్టుకెళ్లారు. 2008లో రాజీ కుదిరింది. నీళ్లని గొట్టం ద్వారా నేరుగా సముద్రంలోకి పంపాలి, లేదంటే జరిమానా కట్టాలి. ఆ గొట్టం వేయలేదు. ఇప్పుడు చెప్పు, నానా కూడా వాళ్లదే, డబ్బూ వాళ్లకే వస్తోంది, నీళ్లూ వాళ్లవే. ఒకే జనంలో షేర్ కాగితం పట్టుకున్న చెయ్యి, బిందె పట్టుకున్న చెయ్యి ఒకదానితో ఒకటి తగువుపడితే ఎవరివైపు నిలబడతావు?

ఉద్యోగాల సంగతి త్వరగా చెప్పేస్తాను. గనిలో సగానికి పైగా నానా వాళ్లే, ఆ మూలన అంత జీతమొచ్చే పని వేరే లేదు. కొన్ని వారాలు గనిలో ఉండి పని, మళ్లీ విమానంలో ఇంటికి. కాకపోతే చేతిలో డబ్బు ఆడాక ఊళ్లో సరుకుల ధరలు చూసి, పిల్లల చదువు చూసి కొందరు యాంకరేజ్ నగరానికి మారిపోయారు. అది గని తప్పో, మనిషి ఆశో నేను తేల్చలేను. మీ అమ్మానాన్నలు మిమ్మల్ని తీసుకుని సిటీకి పోలేదూ?

ఇదంతా మనకెందుకంటారా? నా క్లాసులో ఒక పిల్లాడుండేవాడు, ఎనిమిదిలో. వాళ్ల నాన్న క్వారీలో రాళ్లు కొట్టేవాడు, ఆ క్వారీ ఉన్నది వాళ్ల తాత చోడి పండించిన కొండ మీదే. తన కొండ మీద తనే కూలీ. పిల్లాడు సోమవారాలు బడికి వచ్చేవాడు కాదు, అడిగితే తలవంచుకునేవాడు, నేను కూడా నాలుగుసార్లు కోప్పడ్డాక గానీ సంగతి తెలుసుకోలేదు. మన విశాఖ ఏజెన్సీలోనే అనంతగిరి, బొర్రా గుహల వైపు ప్రైవేటు గనుల లీజుల మీద, గిరిజనుల హక్కుల కోసం పనిచేసే సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో తీర్పొచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో (గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం) ప్రభుత్వ భూమైనా సరే, గిరిజనేతరులకి, ప్రైవేటు కంపెనీలకి గనులకి లీజివ్వడం కుదరదంది. ప్రభుత్వ సంస్థో గిరిజనుల సొసైటీయో తవ్వితే కనీసం 20 శాతం లాభం అక్కడి జనం కోసం నిధిగా పక్కన పెట్టాలంది. చాలా పెద్ద తీర్పు, ఆ రోజు స్టాఫ్ రూమ్‌లో స్వీట్లు పంచుకున్నాం. కానీ అలాస్కా వాళ్లకీ మనవాళ్లకీ తేడా ఆ 20కీ 50కీ మధ్య లేదు. వాళ్లు తమ ఖనిజాన్ని తామే లీజుకిచ్చారు. మన దగ్గర ఆ లీజు కాగితం మీద సంతకం పెట్టేది ప్రభుత్వం.

చివరగా చిన్నోడికో లెక్క. 2007లో 25 శాతం, ప్రతి అయిదేళ్లకీ 5 పెరగాలి, మరి 50 ఎప్పుడొస్తుంది? వేళ్ల మీద లెక్కపెట్టు: 2012లో 30, 2017లో 35, 2022లో 40, 2027లో 45, 2032లో 50. గని ఎప్పుడు అయిపోతుందని అంచనా? 2031 ప్రాంతంలో. సగం వాటా వచ్చే ఏడాదికి పంచుకోవడానికి గోతిలో ఏమీ మిగలకపోవచ్చు. 1982లో ఆ కాగితం రాసినవాళ్లకి ఇది తెలుసని నేననుకోను. దగ్గర్లోనే ఇంకా రెండు పెద్ద నిక్షేపాలున్నాయి, ఖనిజం ఎంతుందో చూడ్డానికి టెక్ వాళ్లు అక్కడ నేలలోకి రంధ్రాలు దించారు, కాకపోతే ఆ భూమి నానాది కాదు, అలాస్కా రాష్ట్రానిది. మళ్లీ బేరం మొదటికొచ్చింది.

నువ్వే ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఏమడుగుతావో రాసి పెట్టుకో, ఆదివారం చెప్పు. బుజ్జీ, నువ్వు కివలీనా వైపు కూర్చో. ఈసారి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి, నాకు చెవులు అంత బాగా వినపడట్లేదు.

ప్రేమతో,
అమ్మమ్మ