బాబాయి రోజూ వేసుకునే మాత్ర

మూడు నెలలకోసారి మా బాబాయి గూడూరులో పినాకిని ఎక్కి చెన్నై వస్తాడు. చేతిలో గుడ్డసంచి, అందులో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన లావుపాటి ఫైలు. నేను సెంట్రల్‌కి వెళ్లి తీసుకొస్తాను. రాత్రికి పెరంబూరులో మా ఇంట్లో పడుకుని, పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లి రక్తం ఇచ్చి, డాక్టరమ్మకు ఫైలు చూపించి, క్యాంటీన్లో పొంగల్ తిని, మధ్యాహ్నం మళ్లీ అదే పినాకినిలో వెళ్లిపోతాడు. పద్నాలుగేళ్లు దాటింది, ఇదే వరస.

ఆ వెయిటింగ్ హాల్లో కూర్చుంటే చెన్నైలో ఉన్నట్టే అనిపించదు. నెల్లూరు, చిత్తూరు, ఒంగోలు యాసలన్నీ వినిపిస్తాయి. 'మీకు కరెంటు ఎన్ని రోజులు పెట్టమన్నారు?' 'కౌంట్స్ పడిపోయాయంట, ఈసారి కీమో వాయిదా వేశారు.' రేడియేషన్‌ని మనవాళ్లు 'కరెంటు పెట్టడం' అంటారు. బాబాయికి కరెంటూ లేదు, కీమో డ్రిప్పూ లేదు. రోజూ అన్నం తిన్నాక ఒక మాత్ర, నిండా గ్లాసుడు నీళ్లు. అంతే. పక్కవాళ్లు 'మరి మీకేం జబ్బండీ?' అని అనుమానంగా అడుగుతారు.

ఆయనది రక్త క్యాన్సర్. క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, పొట్టిగా సీఎంఎల్. 2011లో బయటపడినప్పుడు తెల్లకణాలు 1,80,000 ఉన్నాయి. మామూలుగా 11,000 దాటకూడదు. అప్పటికి ఆరు నెలలుగా ఎడమ డొక్కలో బరువుగా ఉందని చెబుతుంటే, అక్కడ ఊళ్లో గ్యాస్ మాత్రలు ఇస్తూ వచ్చారు. అది ఉబ్బిపోయిన ప్లీహం. జబ్బు పేరు వినగానే పిన్ని ఏడుపు మొదలుపెట్టింది. డాక్టరమ్మ మాత్రం, 'అమ్మా, ఇదే జబ్బు పదిహేనేళ్ల ముందు వచ్చుంటే మీతోపాటు నేనూ భయపడేదాన్ని' అంది. ఆ మాట వెనక పెద్ద కథే ఉంది.

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ అనే ఇద్దరు ఈ జబ్బున్నవాళ్ల కణాల్లో ఒక క్రోమోజోమ్ ఉండాల్సినదానికంటే పొట్టిగా ఉందని గమనించారు. ఎందుకు పొట్టిగా ఉందో తేలడానికి పదమూడేళ్లు పట్టింది. షికాగోలో జానెట్ రౌలీ క్రోమోజోమ్‌ల ఫొటోలను కత్తిరించి, ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని పోల్చి చూసేవారు. 1973లో ఆమె తేల్చింది ఇదీ: 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ తమ కొసలను ఒకదానితో ఒకటి మార్చుకున్నాయి. ఆ అతుకు దగ్గర రెండు జన్యువులు కలిసిపోయి, శరీరంలో ఎన్నడూ లేని కొత్త ప్రోటీన్ ఒకటి తయారవుతుంది. దాని పేరు బీసీఆర్-ఏబీఎల్. కణానికి 'ఇక రెండుగా చీలు' అని సంకేతం పంపే రకం అది. మామూలుగా అలాంటి ప్రోటీన్లు పని ఉన్నప్పుడు లేచి, పని అయ్యాక పడుకుంటాయి. ఇది పడుకోదు.

బాబాయి రైతు. ఇదంతా విని ఆయన అన్నది నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. 'అంటే మోటారు స్టార్టర్ ఇరుక్కుపోయింది, ఆకుపచ్చ బటన్ పైకి రావడం లేదు. నీళ్లు మడి నిండి గట్టు తెగినా మోటారు తిరుగుతానే ఉంది. అంతేగదరా?' అంతే. అలాంటప్పుడు రైతు ఏం చేస్తాడు? ఫ్యూజు పీకేస్తాడు. ఇమాటినిబ్ అనే ఈ మాత్ర చేసేదీ దాదాపు అదే. ఆ ప్రోటీన్ పనిచేయాలంటే ఏటీపీ అనే శక్తి అణువు దాని గాడిలో వచ్చి కూర్చోవాలి. ఇమాటినిబ్ ముందే వెళ్లి ఆ గాడిలో తిష్ఠ వేస్తుంది. ఫ్యూజు ఉండాల్సిన చోట చెక్కముక్క దోపినట్టు.

పాత కీమో మందులు ఇలా పనిచేయవు. వేగంగా చీలే కణం ఏది కనబడితే దాన్ని కొడతాయి. జుట్టు కుదుళ్లు, పేగు పొర, ఎముక మజ్జ అన్నీ దెబ్బతినేది అందుకే. ఇమాటినిబ్‌కీ ఇబ్బందులు లేకపోలేదు. పొద్దున లేచేసరికి బాబాయి కళ్ల కింద సంచుల్లా వాపు ఉంటుంది, పిక్కలు పట్టేస్తాయి. కానీ పొలం పని మానలేదు.

ఈ మందును సీఎంఎల్ రోగుల దాకా తీసుకెళ్లాలని పట్టుబట్టిన డాక్టర్ బ్రయన్ డ్రూకర్. తొలి పరీక్షల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు, ఆపైన తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్త కణాల సంఖ్య పూర్తిగా మామూలు స్థాయికి వచ్చింది. క్యాన్సర్ పరిశోధనలో ఇలాంటి అంకెలు కనబడవు. 2001 మేలో అమెరికా అనుమతి వచ్చింది. పెద్ద అధ్యయనంలో ఈ మాత్రతో మొదలుపెట్టినవాళ్లలో పదేళ్ల తర్వాత 83 శాతం మంది బతికే ఉన్నారు.

మందు అయితే వచ్చింది, ధర? నోవార్టిస్ కంపెనీ ఇమాటినిబ్‌ని గ్లివెక్ అనే పేరుతో అమ్మేది, అప్పట్లో దానికి మన దేశంలో నెలకు సుమారు 1,20,000 రూపాయలు. అదే ఇమాటినిబ్‌ని మన కంపెనీలు చేస్తే అప్పట్లో 8,000 నుంచి 10,000. ఈ మందు పేటెంట్ తగాదాలో తొలి తీర్పు చెన్నైలోనే వచ్చిందని చాలామందికి తెలియదు. నోవార్టిస్ 1998లో పేటెంట్ దరఖాస్తు పెట్టింది ఇక్కడి పేటెంట్ ఆఫీసులోనే. మూల అణువు అప్పటికే తెలిసినదే, అడిగింది దాని రసాయన లవణానికి చెందిన ఒక ప్రత్యేక స్ఫటిక రూపానికి. అభ్యంతరం చెప్పినవాళ్లలో ఒక క్యాన్సర్ రోగుల సంఘం, మన హైదరాబాద్ నుంచి నాట్కో, హెటిరో కూడా ఉన్నాయి. 2006 జనవరిలో చెన్నై ఆఫీసు దరఖాస్తు తిరస్కరించింది. పేటెంట్ చట్టంలో 3(డి) అనే సెక్షన్ ఉంది. తెలిసిన పదార్థాన్ని కొత్త రూపంలోకి మార్చినంత మాత్రాన కొత్త ఆవిష్కరణ కాదు, దాని సామర్థ్యం పెరిగిందని చూపించాలి అంటుంది. ఆ సెక్షనే చెల్లదంటూ కంపెనీ వేసిన కేసును 2007లో మద్రాసు హైకోర్టు కొట్టేసింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు కూడా పేటెంట్ ఇవ్వడం కుదరదంది. సామర్థ్యం అంటే రోగం మీద పనిచేసే సామర్థ్యం అని తేల్చి చెప్పింది.

కంపెనీ తన వైపు నుంచి చాలామంది రోగులకు ఉచితంగా మందు ఇచ్చిన మాటా నిజమే. లాభం లేకపోతే కొత్త మందులకు డబ్బు ఎవరు పెడతారన్న ప్రశ్నా కొట్టిపారేసేది కాదు. అయినా నేను తటస్థుణ్ణని బుకాయించను. మా బాబాయి పద్నాలుగేళ్లుగా మింగుతున్నది ఆ చవక మాత్రే.

సెంట్రల్ స్టేషన్ బయటికి రాగానే కనబడే పెద్దాస్పత్రి పక్కన మద్రాసు మెడికల్ కాలేజీ. అటుగా ఆటో వెళ్లేటప్పుడల్లా నాకు ఎల్లాప్రగడ సుబ్బారావు గుర్తొస్తారు. 1895లో భీమవరంలో పుట్టి, ఇక్కడే వైద్యం చదివారు. గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, చివరికి ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకు మందైంది.

అసలు మలుపు ఆ తర్వాతే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా పిల్లలకు ఫోలిక్ యాసిడ్ తరహా పదార్థాలు ఇస్తే జబ్బు ఇంకా రెచ్చిపోయింది. అలాగైతే దానికి విరుగుడు ఇస్తే? కణం చీలాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏ తయారీకి ఫోలిక్ యాసిడ్ కావాలి. సుబ్బారావు బృందం చూడ్డానికి అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా ఉండి, పనికిమాత్రం రాని అమినాప్టెరిన్‌ని పంపింది. నకిలీ విత్తనాల సంగతి మన రైతుకు కొత్తగా చెప్పాలా? చాల్లో పడుతుంది, చోటు ఆక్రమిస్తుంది, మొలవదు. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు చనిపోయారు. అమినాప్టెరిన్‌కి తమ్ముడు లాంటి మెథోట్రెక్సేట్‌ని పిల్లల ల్యుకేమియాలో ఇప్పటికీ వారానికోసారి ఇస్తారు.

ఇంత చెప్పాక వాంతుల గురించి మాట్లాడితే చిన్న విషయంలా ఉంటుందేమో. కానీ మా ఇంట్లో కీమో అంటే మొదట గుర్తొచ్చేది వాంతులే. 1986లో మా నాయనమ్మకు ఇదే ఊళ్లో సిస్ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించారు. మంచం పక్కన బకెట్, మూడు రోజులు మంచినీళ్లు కూడా నిలవలేదు. మూడో విడత కీమోకి ఆమె రానంది, రాలేదు. మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్న దాకా మేం వెళ్లనేలేదు. ఐదేళ్ల తర్వాత అమెరికాలో ఒండాన్సెట్రాన్ అనే వాంతుల మందు వచ్చింది. కీమో మందు తగిలినప్పుడు పేగు గోడలోని కణాలు సెరటోనిన్ విడుదల చేస్తాయి, అది నరాన్ని తట్టి మెదడుకు వాంతి కబురు పంపుతుంది. ఒండాన్సెట్రాన్ ఆ కబురును దారిలోనే ఆపేస్తుంది. ఈ మధ్య మానసిక జబ్బులకు వాడే ఓలాంజపిన్ అనే చవక మాత్రను కూడా వాంతులకు ఇస్తున్నారు. ఇప్పుడు డే కేర్ వార్డులో డ్రిప్ పెట్టుకునే ఇడ్లీ తింటున్నవాళ్లను చూస్తే నాకు నాయనమ్మే గుర్తొస్తుంది.

మందు మోతాదు తగ్గించి చూడటం కూడా పరిశోధనే. ఇమ్యునోథెరపీ మందులు క్యాన్సర్ కణాన్ని నేరుగా కొట్టవు, మన రోగనిరోధక కణాలకు వేసిన బ్రేకును తీసేస్తాయి. ధర మాత్రం లక్షల్లో. ముంబై టాటా మెమోరియల్‌లో తల, మెడ క్యాన్సర్ ముదిరినవాళ్లకు నివోలుమాబ్ అనే అలాంటి మందును 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు, అంటే మామూలు మోతాదులో పదోవంతు కూడా లేదు. చవక నోటి మాత్రలకు దాన్ని జోడిస్తే, ఏడాది తర్వాత బతికున్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. పొగాకు నమిలే మన దేశంలో ఈ ఫలితానికి ఎంత విలువ ఉందో ఆ వెయిటింగ్ హాల్లో పది నిమిషాలు కూర్చున్నా తెలుస్తుంది.

పోయినసారి బాబాయి రిపోర్టులో బీసీఆర్-ఏబీఎల్ దాదాపు కనబడని స్థాయిలో ఉంది. ఐదేళ్లుగా అంతే. డాక్టరమ్మ కొత్త మాట ఎత్తింది: 'ఇలాంటివాళ్లలో కొందరికి మాత్ర ఆపి చూస్తున్నాం. సుమారు సగం మందికి జబ్బు తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. మళ్లీ మాత్ర మొదలుపెడితే దాదాపు అందరికీ అదుపులోకి వస్తుంది. కాకపోతే కొన్నాళ్లు నెలనెలా రక్త పరీక్షకు రావాలి.' పిన్ని మొహం వెలిగిపోయింది. బాబాయి ఏమీ అనలేదు. సెంట్రల్‌లో రైలు ఎక్కేముందు మాత్రం సంచిలోంచి మాత్రల స్ట్రిప్ తీసి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టుకున్నాడు.

'ఆపితే నాకు టెన్షన్ రా. నెలనెలా రావడానికి నాట్లప్పుడు కుదరదు కూడా. కోతలయ్యాక చూద్దామని చెప్పు ఆమెకి.'