పది మరకలు, అరవై మాటలు: మూర్తిమత్వ పరీక్షల వెనక నూరేళ్లు

పల్లిపాడు, మైనంపాడు డైట్‌లలో (ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో) చదివే పిల్లలకూ, నెల్లూరు, ఒంగోలు కోచింగ్ సెంటర్లలో టెట్, డీఎస్సీకి తయారయ్యేవాళ్లకూ మూర్తిమత్వం (పర్సనాలిటీ) అధ్యాయమంటే బిట్లే. సిరా మరకలుండే రోర్షా కార్డులు ఎన్ని? పది. బొమ్మ చూపి కథ చెప్పించే టీఏటీ కార్డులు? ముప్పై ఒకటి, అందులో ఒకటి ఖాళీ. పరీక్ష హాలు దాటాక ఇవే పేర్లు మళ్లీ ఎదురవుతాయి. ఇంటర్ ఫలితాల వేళ కెరీర్ గైడెన్స్ వాళ్లిచ్చే రిపోర్టుల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్లేస్‌మెంట్ ముందు పెట్టే ఆన్‌లైన్ టెస్టుల్లో, సైనికాధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీకి వెళ్లే కుర్రాళ్ల శిక్షణలో ఇవే వినిపిస్తాయి. వేలిముద్రలు చూసి పిల్లవాడికి ఎంపీసీయా బైపీసీయా తేల్చేస్తామనేవాళ్లు కూడా వీటి పక్కనే బల్ల వేసుకుంటున్నారు. ఏ పరీక్షను ఎవరి కోసం, ఏ అవసరానికి తయారుచేశారో తెలిస్తే తల్లిదండ్రుల చిక్కు చాలావరకు తీరుతుంది.

మనుషుల్ని రకాలుగా విడదీయడం పాత అలవాటే. గ్రీకు వైద్యులు ఒంట్లోని నాలుగు ద్రవాలను బట్టి విడదీస్తే, మన ఆయుర్వేదం వాత, పిత్త, కఫ ప్రకృతులంది. ఆధునిక కాలంలో 1921 ఒక్క ఏడాదే మూడు పుస్తకాలు వచ్చాయి. క్రెష్మర్ దేహ నిర్మాణాన్ని బట్టి స్వభావం చెప్పాడు. యూంగ్ అంతర్ముఖులు, బహిర్ముఖులు అన్నాడు. స్విట్జర్లాండ్ వైద్యుడు హెర్మన్ రోర్షా సిరా మరకల పరీక్షను అచ్చువేశాడు. క్రెష్మర్ దారిలోనే అమెరికాలో షెల్డన్ 1942లో శరీరానికీ స్వభావానికీ 0.8 దాకా సహసంబంధం చూపించాడు (రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె ఇది; సున్నా అంటే ముడి లేదు, 1 అంటే పూర్తి ముడి). మనస్తత్వ శాస్త్రంలో అంత పెద్ద అంకె వస్తే ముందు అనుమానించాలి. ఆ అధ్యయనంలో శరీరానికీ స్వభావానికీ మార్కులు వేసింది ఒకే మనిషి. లావుగా ఉన్నవాడు సరదా మనిషై ఉంటాడన్న నమ్మకం మనసులో ఉంటే మార్కులూ అలాగే పడతాయి. మన పాఠ్యపుస్తకాల్లో షెల్డన్ చెప్పిన మూడు దేహ రకాలూ ఉంటాయి గానీ ఈ లోపం గురించి రాయరు. అది తప్పనిసరిగా చెప్పాల్సిన సంగతి.

రోర్షా ఆ పుస్తకం వచ్చిన మరుసటేడే, 37 ఏళ్లకే చనిపోయాడు. ఆయన పది కార్డుల్లో ఐదు నలుపు, బూడిద ఛాయలవి, రెండింటిలో ఎరుపు కలుస్తుంది, మూడు రంగురంగులవి. కార్డు చూపి 'ఇది ఏమై ఉండొచ్చు?' అని అడుగుతారు. ఆ తర్వాత రెండో విడతలో ఎక్కడ చూశావు, ఏది చూసి అలా అనిపించింది అని ఆరా తీస్తారు. మార్కులు ప్రధానంగా ఈ రెండో విడత మీదే ఆధారపడతాయి. గబ్బిలం కనిపించిందంటే ఫలానా రోగమని చెప్పేవాళ్లకు ఈ పరీక్ష తెలియదనే లెక్క. పరీక్షకులు ఎవరికి వారు మార్కులు వేస్తుండటంతో ఎక్స్‌నర్ 1974లో ఒకే పద్ధతి తెచ్చాడు. అయినా వివాదం ఆగలేదు. టీఏటీ 1935లో హార్వర్డ్‌లో పుట్టింది. క్రిస్టియానా మోర్గన్, హెన్రీ మర్రే దాన్ని మనిషి అవసరాలను కథల ద్వారా పట్టుకునేందుకు రూపొందించారు. ఒకరికి ఇరవై కార్డులు, రెండు విడతల్లో. ఈ రెంటినీ వాడేవాళ్లు చాలామంది ఆనుకున్నది ఫ్రాయిడ్ ఆలోచన మీద. అచిత్తు (కోరికలు), అహం (వాస్తవాన్ని చూసే మనసు), అధ్యహం (మంచిచెడ్డల అంకుశం) మధ్య పెనుగులాట మనిషికి తెలియకుండానే సాగుతుంది కాబట్టి సూటిగా అడిగితే బయటపడదు, అస్పష్టమైన బొమ్మ ముందు పెడితే పడుతుందన్నది ఆ నమ్మకం.

దీనికి పూర్తి భిన్నమైన దారి నిఘంటువు నుంచి వచ్చింది. ఆల్‌పోర్ట్, ఆడ్బర్ట్ 1936లో ఇంగ్లీషు నిఘంటువంతా గాలించి మనిషి తీరును చెప్పే 17,953 మాటలు ఏరారు. అందులో స్థిరమైన గుణాలకు సంబంధించినవి దాదాపు నాలుగున్నర వేలు. కాటెల్ కారకాల విశ్లేషణతో, అంటే కలిసి కనిపించే గుణాలను గుంపులు చేసే లెక్కతో, వాటిని కుదించి 1949లో పదహారు కారకాల ప్రశ్నావళి తెచ్చాడు. యుద్ధకాలంలో లండన్ మిల్ హిల్ ఆసుపత్రిలో 700 మంది సైనికుల వివరాలు పరిశీలించిన ఐసెంక్‌కు మొదట రెండు కొలతలే చాలనిపించింది. 1961లో ట్యూప్స్, క్రిస్టల్ అమెరికా వైమానిక దళం సమాచారాన్ని తిరగేస్తే ఐదు తేలాయి. ఇప్పుడు ఆ ఐదింటికి వాడే పేర్లు: కొత్తదనం పట్ల ఆసక్తి, పని పట్ల నిబద్ధత, బహిర్ముఖత, కలుపుగోలుతనం, భావోద్వేగ అస్థిరత. కోస్టా, మెక్‌క్రే 1992 నాటి 240 ప్రశ్నల రూపం ఈ ఐదింటినీ కొలుస్తుంది. ఇవాళ పరిశోధకులు ఎక్కువగా వాడేది ఈ ఐదు కారకాల నమూనానే. 1991లో బారిక్, మౌంట్ పాత అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు అన్ని ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడిన గుణం నిబద్ధత. ఆ ముడి బలం సుమారు 0.2. ఉపయోగపడుతుంది, కానీ దాని ఒక్కదాని మీదే ఎవరి భవిష్యత్తునూ తేల్చలేం.

ప్రశ్నావళులకు అసలు ఊపు ఇచ్చింది యుద్ధాలే. మొదటి ప్రపంచయుద్ధంలో పేలుళ్లకు మనసు చెదిరే సైనికుల్ని ముందే గుర్తించాలని వుడ్‌వర్త్ అవును-కాదు ప్రశ్నలు కూర్చాడు. అవి సిద్ధమయ్యేసరికి యుద్ధం ముగిసింది. 1943లో మిన్నెసోటాలో వచ్చిన ఎమ్ఎమ్‌పీఐ మానసిక రోగుల నిర్ధారణకు ఉద్దేశించింది. 1989 రూపంలో 567 ప్రశ్నలు. జవాబులు నిజాయితీగా రాశారా, మంచిగా కనిపించాలని రాశారా, ఏదో ఒకటి గీసి వదిలేశారా అని పట్టే మాపనులు దాని లోపలే ఉన్నాయి. ఉద్యోగానికి వచ్చిన ఆరోగ్యవంతుడి గుణగణాలు వర్ణించడానికి దీన్ని తయారుచేయలేదు.

ఎస్ఎస్‌బీ చరిత్ర మన జిల్లాల కుర్రాళ్లకు నేరుగా పనికొస్తుంది. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం అధికారుల కొరతతో 1942లో కొత్త ఎంపిక బోర్డులు పెట్టింది. మరుసటేడాది డెహ్రాడూన్‌లో ప్రయోగాత్మక బోర్డు మొదలైంది. ఆ వారసత్వమే ఇప్పటి ఐదు రోజుల పద్ధతి. చాలాకాలంగా సాగుతున్న తీరులో మానసిక పరీక్ష రోజున పన్నెండు బొమ్మలు చూపిస్తారు, చివరిది ఖాళీ. బొమ్మ 30 సెకన్లు, కథకు 4 నిమిషాలు. తర్వాత అరవై మాటలు, ఒక్కోదానికి 15 సెకన్లు. తర్వాత అరవై సందర్భాలకు 30 నిమిషాలు. చివరికి తన గురించి తాను 15 నిమిషాల్లో రాయాలి. ఈ వేగం ఊరికే పెట్టింది కాదు. ఆలోచించి అల్లే వ్యవధి లేకుండా చేయడమే ఉద్దేశం. కంఠస్థం చేసిన కథలు ఇక్కడే బెడిసికొడతాయి. బొమ్మలో ముసలమ్మ మంచం మీద ఉంటే, కథలో నాయకుడు వరదలో ఊరిని కాపాడుతుంటాడు. అంతకన్నా ముఖ్యం, సైకాలజిస్టు, మైదానంలో పరీక్షించే అధికారి, ఇంటర్వ్యూ చేసే అధికారి ముగ్గురూ విడివిడిగా అంచనా వేసి, ఆఖరి రోజు కాన్ఫరెన్స్‌లో పోల్చుకుంటారు. కాగితం మీద ధైర్యవంతుడు మైదానంలో తాడు పట్టుకోకపోతే తేడా అక్కడ తెలిసిపోతుంది.

1968లో మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ ఈ రంగాన్నే కుదిపాడు. పరీక్షలో కనిపించే గుణానికీ ఒక సందర్భంలో మనిషి చేసే పనికీ సహసంబంధం 0.30 దాటడం లేదన్నాడు. వర్గం చేస్తే 0.09, అంటే తేడాల్లో తొమ్మిది శాతమే లెక్కకొస్తుంది. ఎప్‌స్టీన్ 1979లో జవాబిచ్చాడు: ఒక్క రోజు ప్రవర్తన చూడకండి, చాలా రోజుల సగటు చూడండి, అప్పుడు గుణం నిలకడగా కనిపిస్తుంది. ఇద్దరి మాటా నిలిచింది.

నమ్మకం సంగతి 1949లోనే ఫోరర్ తేల్చాడు. 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారిదేనని చెప్పి అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోవి. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. వేలిముద్రల రిపోర్టు చదివి 'అచ్చం మావాడే' అనిపించడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. దానికి శాస్త్రీయ ఆధారం లేదని భారతీయ మానసిక వైద్యుల సంఘం ఇప్పటికే చెప్పింది.

ఇక అంకెల విషయం. రిపోర్టులు ఎక్కువగా తప్పేది ఇక్కడే. బహిర్ముఖతలో ఒక విద్యార్థికి 34 వచ్చిందనుకుందాం. పోల్చే బృందం సగటు 28, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే అంకె) 6 అయితే అతని టి-స్కోరు 60. టి-స్కోరంటే బృందం సగటును 50గా, విచలనాన్ని 10గా మార్చి చెప్పే మార్కు. సగటు 34 ఉన్న బృందంతో పోలిస్తే అదే 34కి టి-స్కోరు 50. జవాబులు మారలేదు, మనిషి మారలేదు. అందుకే ఏ ఊరి, ఏ వయసు వాళ్లతో పోల్చారో రాయని రిపోర్టు అసంపూర్ణం. పరీక్ష విశ్వసనీయత, అంటే ఫలితం ఎంత నిలకడగా వస్తుందన్నది, 0.84 అనుకుంటే ఒకటిలో మిగిలేది 0.16. టి-స్కోరు విచలనం 10ని దాని వర్గమూలంతో గుణిస్తే కొలత దోషం 4. కాబట్టి అటూ ఇటూ దానికి రెండింతలు వదిలి, ఆ 60ని 52 నుంచి 68 మధ్య అని చదవాలి. యూంగ్ ఆలోచన మీద మైర్స్, బ్రిగ్స్ కట్టిన పదహారు రకాల పరీక్షకు దెబ్బ తగిలేది కూడా ఇందుకే. చాలామంది మధ్యగీతకు దగ్గర్లోనే ఉంటారు, రెండు మూడు జవాబులు అటూ ఇటూ అయితే రకమే మారిపోతుంది. కొన్ని వారాల తర్వాత మళ్లీ రాసినవారిలో చాలామందికి వేరే రకం వస్తుంది.

ఎక్సెల్‌లో లెక్కకట్టేటప్పుడు తరచూ జరిగే తప్పు ఇంకొకటి. 'మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తాను' లాంటి వ్యతిరేక ప్రశ్నలుంటాయి. 1 నుంచి 5 మాపనిలో వాటి మార్కును 6 నుంచి తీసివేసి కలపాలి. మరిచిపోతే నిబద్ధత ఉన్న పిల్ల అడుగున పడుతుంది.

తెలుగులోకి తెచ్చేటప్పుడు జాగ్రత్త మరింత అవసరం. పొదిలి పక్క పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉన్న అమ్మాయిని 'పార్టీలకు వెళ్లడం ఇష్టమా?' అని అడిగితే ఆమె కాదంటుంది, పరీక్ష ఆమెను అంతర్ముఖి అంటుంది. తిరునాళ్లలో, పెళ్లిళ్లలో కొత్తవాళ్లతో మాట కలుపుతావా అని అడగాల్సింది. అలా మార్చిన ప్రశ్నను తెలుగు తెలిసిన ఇంకొకరు మళ్లీ ఇంగ్లీషులోకి తిప్పి మూలంతో పోల్చాలి. కొద్దిమందిపై వాడి చూసి, అర్థంకాని వాటిని తిరగరాయాలి. కొన్ని వారాల విరామంతో అదే బృందానికి రెండోసారి పెట్టి నిలకడ చూడాలి. ఆ తర్వాతే కావలి, కందుకూరు, గిద్దలూరు లాంటి చోట్ల ప్రభుత్వ, ప్రైవేటు కాలేజీలు రెండింటి నుంచీ, తెలుగు, ఇంగ్లీషు మీడియం రెండింటి నుంచీ, ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ విడివిడిగా లెక్కలోకి తీసుకుని సగటు, విచలనం కట్టాలి. రిపోర్టు ఇచ్చినవాళ్లను తల్లిదండ్రులు మొదట అడగాల్సింది ఈ సగటు, విచలనాల పట్టిక గురించే.